ఏ దశకపు వేషము?

గత నెలలో మా పాఠశాల పూర్వ విద్యార్థిని యొకరు, ఇప్పుడు డెబ్బది యేండ్లు దాటిన అవ్వ, ఒక పాత ఫోటోను చేతబట్టుకొని మా యొద్దకు వచ్చినారు. ఆమె కుమారుడు అమెరికాలోని న్యూజెర్సీలో ఉద్యోగము చేయుచున్నాడు. పదునొకండేండ్ల మనుమరాలు ఫోనులో "అవ్వా, నీ చిన్నప్పటి ఓణీ ఉంటే పంపించు, హాలోవీన్‌కు వేసుకుంటాను" అని అడిగినదట. వారి వీధిలోని పిల్లలు ఈ సారి తలకొక దశకమును పంచుకొని ఆ కాలపు వేషములు వేయ నిశ్చయించుకొన్నారు. ఈ బాలిక వంతునకు 1960వ దశకము వచ్చినది.

అవ్వకు రెండు సందేహములు కలిగినవి. దయ్యముల పండుగకు ఆడపిల్లను పంపవచ్చునా యనునది మొదటిది. రెండవదానిని ఆమె మాటలలోనే వ్రాయుచున్నాము: "అయ్యవారూ, మేము కట్టుకొన్న బట్టలు వేషమెట్లా అవుతాయి?"

మొదటిదానికి అక్కడనే సమాధానము చెప్పితిమి. రెండవదానికి వెంటనే జవాబు తోచలేదు. మన పిల్లలలో అనేకుల అన్నలు, మేనమామలు, పినతండ్రులు ఆ దేశములో నున్నారు గనుక ఈ ప్రశ్న మరికొన్ని యిండ్లకును వచ్చునని తలచి ఇచ్చట కొంత వివరముగా వ్రాయుచున్నాము.

హాలోవీను ప్రతి సంవత్సరము అక్టోబరు 31వ తేది రాత్రి జరుగును. మరునాడు, నవంబరు 1, క్రైస్తవుల సకల పునీతుల పండుగ. పాత ఆంగ్లములో పునీతుని 'హాలో' అనెడివారు. ఆ పండుగకు ముందటి సాయంకాలమను మాటయే నలిగి హాలోవీను అయినది. దీని కంటె పాతదొకటి ఐర్లండు దేశమున గలదు. పంటలు ఇల్లు చేరి చలికాలము మొదలగు ఆ వేళ 'సావిన్' అను పండుగ చేసెడివారు. ఆ రాత్రి మృతులు తిరుగాడుదురని వారి నమ్మకము. మనకు పెద్దల అమావాస్య యున్నది గదా; మృతులను తలచు దినము లేని జాతి అరుదు. 1840వ దశకమున ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్లి ఘోరమైన కరువు వచ్చినప్పుడు లక్షలమంది ఓడలెక్కి అమెరికాకు పోయిరి. వారితో ఈ ఆచారమును పోయినది. సొంత ఊరిలో టర్నిప్ దుంపను తొలిచి దీపము పెట్టెడివారు అక్కడ గుమ్మడికాయ దొరకుటచే దానిని తొలువసాగిరి.

పిల్లలు వేషములు వేసికొని ఇంటింటికి పోయి మిఠాయి అడుగుట మనకు వింతగా తోచును గాని, అంత వింత యేమియు లేదు. వెనుకటి దసరాలలో బడిపిల్లలు విల్లంబులు పట్టుకొని, అయ్యవారి వెంట ఇంటింటికి పోయి పాడి పప్పుబెల్లములు తెచ్చుకొనెడివారు. అమెరికాలో రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942 నుండి 1947 వరకు, చక్కెర రేషనులో నుండెను. అది తొలగిన తరువాతనే ఈ ఇంటింటి తిరుగుడు దేశమంతట బలపడినది. 1950 మొదలుకొని కొందరు పిల్లలు మిఠాయితోపాటు ఐక్యరాజ్యసమితి బాలల నిధికి చిల్లర డబ్బులును అడుగుచున్నారు. ఇది విని అవ్వ, "అయితే దయ్యాల పండుగ కాదు, పప్పుబెల్లాల పండుగే" అనినారు. మొదటి సందేహము అట్లు తీరినది.

ఇక దశకముల మాట. అక్కడి దుకాణములలో '1920', '1950', '1970' అని పేరు వ్రాసిన పొట్లములు అమ్ముదురు. పొట్లము విప్పి తొడుగుకొన్నచో ఆ కాలపు మనిషి యైనట్లే యని వారి భావము. మేము గమనించినంతవరకు ఆ పొట్లములలో నుండునది కాలము కాదు, కాలమును గూర్చిన హాస్యచిత్రము. 1920వ దశకపు స్త్రీ యనగా తొడల వరకే వచ్చి దారపు కుచ్చులు వ్రేలాడు పొట్టి గౌను ఇత్తురు. ఆ నాటి గౌను అంచు మిక్కిలి పైకెక్కినది 1926, 1927 ప్రాంతమున. అప్పుడును అది మోకాలిని దాటి క్రిందనే యుండెను. 1922లో నయితే చీలమండల దగ్గరకు దిగి యుండెను. అనగా ఒకే దశకములో అంచు జానెడు ఎక్కుచు దిగుచు నుండగా, పొట్లము దానిని ఎన్నడును లేని చోట నిలిపినది. ఆ కాలమును నిజముగా తెలుపునది పొట్టితనము కాదు, నడుము స్థానము. గౌను నడుమును వదలి తుంటి మీదికి జారినది, శరీరరేఖ తిన్ననైనది, జుట్టు చెవుల క్రింద కత్తిరింపబడినది, నొసటిని కప్పు గంటవంటి టోపీ వచ్చినది. 1920లో అమెరికా స్త్రీలకు దేశమంతట ఓటుహక్కు రాజ్యాంగ సవరణచే లభించినది. పనికి పోవలెను, నాట్యము చేయవలెను, మోటారు ఎక్కవలెను; బిగించిన నడుముకట్టుతో అవి సాగవు.

ఈ కారణమును తెలిసికొన్నపుడే వేషము కుదురును. అందుచేత మేము అవ్వకు చెప్పినది ఇది: దశకమును ఎన్నుకొనవద్దు, ఒక మనిషిని ఎన్నుకొనుడు, ఒక సంవత్సరమును ఎన్నుకొనుడు. ఆ మనిషికి ఏ బట్ట దొరకినది, ఎందుకు దొరకినది, దానితో ఆమె ఏ పని చేసినది అని అడుగుడు. మన పగటివేషగాండ్రు చేయునది ఇదియే. వారు బట్టతో మొదలుపెట్టరు. వేషము వేయు మనిషి నడక, మాట, ఆతడు ఏమి మోయునో, ఎట్లు కూర్చుండునో ముందు పట్టుకొందురు.

మనిషిని ఎన్నుకొన్నచో ఎంత తేడా వచ్చునో 1930వ దశకము చెప్పును. దుకాణపు పొట్లములలో దానికి స్థానము తక్కువ. 1929లో అమెరికా వాణిజ్యము కూలిన తరువాత లక్షల కుటుంబములకు బట్ట కొను శక్తి లేకపోయెను. అప్పుడు గోధుమపిండి, కోళ్లదాణా నూలు సంచులలో వచ్చుచుండెను. పల్లెల తల్లులు ఆ సంచులను విప్పి ఉతికి పిల్లలకు గౌనులు కుట్టసాగిరి. ఈ సంగతి తెలిసిన మిల్లులవారు, సంచులమీద పూలు, చారలు, చిన్నచిన్న బొమ్మలు అచ్చువేయించిరి. తమ పేరును మాత్రము ఉతికిన పోవు సిరాతో అచ్చొత్తించిరి. పెద్దవారి గౌను ఒకటి కావలెనన్న ఒకే పూల అచ్చుగల సంచులు మూడైనను కావలెను. కావున దాణా కొనుటకు పోవు మగవారికి "ఈ పూల సంచినే తెండి" అని ఇంటివారు గుడ్డముక్క ఇచ్చి పంపెడివారట. ఇంతకంటె చక్కని వేషము మాకు కనబడలేదు. పూల నూలుబట్టతో తిన్ననైన గౌను, ఒక మూల సగము చెరిగిన మిల్లు పేరు, అంతే. ఖర్చు లేదు, అబద్ధము లేదు. అయినను ఇది పేదల బట్ట. ముఖమునకు మసి పూసికొని చింపిరి జుట్టుతో 'పేద' వేషము వేసినచో సంచి కుట్టిన తల్లి పనితనము మాయమై ఎగతాళి మిగులును. ఆ తల్లులు తమ పిల్లలు పేదలుగా కనబడకుండుటకే పూలసంచి వెదకిరి.

1942లో యుద్ధము వచ్చి ప్రభుత్వమే బట్టను కొలిచినది. గౌను అంచు మడత రెండు అంగుళములకు మించరాదని, కుచ్చులు జేబులు తగ్గింపవలెనని ఉత్తరువు చేసిరి. నైలాను అంతయు గాలిగొడుగులకు పోయెను. మేజోళ్లు దొరకక స్త్రీలు కాళ్లకు రంగు పూసికొని, పిక్కల వెనుక కనుబొమల పెన్సిలుతో కుట్టు గీత గీసికొనిరి. ఆ కరవు తీరిన పిమ్మట, 1947లో పారిస్ నగరపు డియోర్ అను దర్జీ, గజములకొలది బట్ట పట్టు విశాలమైన పావడలను ప్రదర్శించెను. అయిదేండ్ల బిగింపునకు అది ఎదురుదెబ్బ.

అదే సంవత్సరము డిసెంబరులో లాస్ ఏంజిలిస్‌లో జూలీ లిన్ షార్లో అను గాయని క్రిస్మస్ విందునకు పోవలసి యుండెను. చేత డబ్బు లేదు, కుట్టుపని అసలే రాదు. తల్లి కర్మాగారములో ఫెల్టు, అనగా ఉన్నిని అదిమి చేసిన దళసరి గుడ్డ, వాడుచుండిరి. ఫెల్టునకు నేత లేదు గనుక కత్తిరించిన అంచు పోగులు ఊడవు. మడచి కుట్ట నక్కరలేదు. ఆమె గుండ్రముగా ఒక చక్రమును కత్తిరించి, నడుమ రంధ్రము చేసి, క్రిస్మసు చెట్టు బొమ్మలు అతికించి కట్టుకొని పోయినది. చూచినవారు మాకును కావలెననిరి. తరువాత కుక్కల బొమ్మలతో చేసినది విపరీతముగా అమ్ముడుపోయి 'పూడిల్ పావడ' అను పేర 1950వ దశకమునకే గుర్తుగా నిలిచినది. కుట్టు రాని మనిషి చేసిన బట్ట కావుటచే ఇప్పటికిని పిల్లలు చేసికొనుటకు దీనికి మించినది లేదు.

మన ఎనిమిదవ తరగతివారు దీని లెక్క చేయగలరు. నడుము చుట్టుకొలత 22 అంగుళములనుకొనుడు. వృత్తపరిధి రెండు పై ఆర్లు గదా; పై విలువ 22/7 గా తీసికొన్న వ్యాసార్ధము సరిగా మూడున్నర అంగుళములు. పావడ పొడవు 20 అంగుళములు కావలెనన్న వెలుపలి వ్యాసార్ధము ఇరువదిమూడున్నర. కావున గుడ్డ ప్రతి ప్రక్కను 47 అంగుళములుండవలెను. దానిని నాలుగు మడతలు చేసి, మడతలు కలియు మూలనుండి దారముతో మూడున్నర యొద్ద ఒక చాపము, ఇరువదిమూడున్నర యొద్ద మరియొక చాపము గీసి కత్తిరింపుడు. ఇచ్చట తొందరపాటు కూడదు. 22 అంగుళముల రంధ్రము తుంటిమీదుగా దిగదు. ఒక ప్రక్క ఏడెనిమిది అంగుళములు చీల్చి కొక్కెము పెట్టవలెను. లెక్క సరిగా చేసి దీనిని మరచినవారు పావడ చేతబట్టుకొని నిలువవలసి వచ్చును.

ఇప్పుడు మనుమరాలి వంతునకు వచ్చిన 1960వ దశకము. పొట్లములో దీనికి తలకు పట్టీ, రంగుల పూసలు, నల్లకళ్లద్దములు, గంటవలె విచ్చు లాగు ఇత్తురు. ఈ 'హిప్పీ' రూపము ఆ దశకపు చివరి మూడు నాలుగేండ్లది, అదియు కొద్దిమంది యువకులది. 1961 నాటి అమెరికా గృహిణి ఫోటోను చూచినచో 1957 నాటి దానికిని దానికిని భేదము చెప్పుట కష్టము. కాలము జనవరి ఒకటవ తేదిన బట్ట మార్చుకొనదు.

అయినను ఈ దశకములో మనకు సంబంధించిన రెండు వస్తువులు అక్కడ చెలామణిలో నుండినవి. ఒకటి మద్రాసు గళ్ల బట్ట. మద్రాసు చుట్టుపట్ల చేతిమగ్గముల మీద నేసిన ఈ పలుచని నూలుబట్టకు ఉతికిన ప్రతిసారి రంగు కారెడిది. మన అమ్మలైనచో దుకాణమునకు మరల పంపుదురు. అక్కడి వర్తకులు, రంగు కారుటయే దీని గొప్పదనము, ఉతుకు ఉతుకునకు క్రొత్త చొక్కా యగునని ప్రకటనలిచ్చి కళాశాల విద్యార్థులకు అమ్మిరి! రెండవది నెహ్రూ కోటు. మనము నెహ్రూ జాకెట్టు అనునది చేతులు లేనిది. అమెరికాలో ఆ పేరుతో 1967, 1968లలో చెలామణి యైనది నిలువు కాలరుతో నిండు చేతులు గల కోటు. 1964లో కన్నుమూసిన నెహ్రూగారు తమ పేరుతో అక్కడ ఏమి అమ్ముచున్నారో ఎరుగరు.

బట్టలు పోయినంత సులభముగా మనుష్యులు పోలేకపోయిరి. 1946 నాటి చట్టము ప్రకారము భారతదేశమునుండి అమెరికాలో స్థిరపడుటకు సంవత్సరమునకు 100 మందికి మాత్రమే అనుమతి. 1965 చట్టము ఆ దేశవారీ కట్టడిని ఎత్తివేసినది. 1968 నుండి అది పూర్తిగా అమలులోనికి వచ్చినది. వైద్యులు, ఇంజనీర్లు, వారి వెంట చీర కట్టిన భార్యలు అప్పటినుండి ఎక్కువగా పోసాగిరి. అందుచేత 1950వ దశకపు న్యూజెర్సీ వీధిలో ఓణీ వేసిన పిల్ల నడచినదనుట కల్పన యగును. 1968లో ఒకతె నడచియుండుటకు అవకాశము కలదు. మరియు ఆ వీధి పిల్లలు పంచుకొన్నది దశకమునే గాని, అమెరికా దశకమును కాదు. 1968వ సంవత్సరము మా హోసూరు ప్రాంతమునను జరిగినది.

1970, 1980లను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. పాలియెస్టరు చౌకయై వెడల్పు కాలర్లు, గంటలాగులు లోకమంతట వచ్చినవి. 1977లో వచ్చిన 'సాటర్డే నైట్ ఫీవర్' చిత్రములోని తెల్ల సూటు దానికి పరాకాష్ఠ. ఆ లాగులను మన తెలుగు చిత్రములలోను, మీ తాతల పెండ్లి ఫోటోలలోను చూడవచ్చును. తరువాత భుజములలో దిండ్లు పెట్టుకొను కాలము వచ్చినది. అవి మాకు ఎన్నడును నచ్చలేదు.

నిప్పు మాట మాత్రము మరువరాదు. 1940వ దశకమున అమెరికాలో పిల్లలకై అమ్మిన కౌబాయి వేషములలో కాళ్లకు తొడుగు భాగము నూగుగల రేయాను బట్టతో చేయబడెను. నిప్పురవ్వ సోకిన నూగంతయు ఒక్కసారిగా మండెడిది. కొందరు పిల్లలు మరణించిరి. తరువాత నూగు రేయాను స్వెట్టర్లును అట్లే మండుటచే 1953లో త్వరగా అంటుకొను బట్టల అమ్మకమును నిషేధించు చట్టము చేసిరి. చట్టమున్నను గుమ్మడికాయలో కొవ్వొత్తి గడప ప్రక్కననే యుండును. వ్రేలాడు బట్ట దానిమీదుగా పోవును. పలుచని నూలు త్వరగా అంటుకొనును. నైలాను కరగి చర్మమునకు అతుకుకొనును. దీపావళినాడు ఓణీ కొంగు బిగించి దోపుకొమ్మని మనము చెప్పునదే అక్కడను చెప్పవలెను. ఇప్పుడు గుమ్మడికాయలో పెట్టుటకు బ్యాటరీ దీపములు దొరకుచున్నవి. కన్నులకు అడ్డమగు ముఖతొడుగు కంటె ముఖమునకు రంగు మేలు. చీకటిలో మోటార్లకు కనబడుటకై వీపున మెరుపు పట్టీ అతికించుట అవసరము.

ఇక అవ్వ తెచ్చిన ఫోటో. అందులో నలుగురు బాలికలు పావడ ఓణీలతో, రెండు జడలు మడచి రిబ్బను కట్టుకొని, స్టూడియో కుర్చీ చుట్టును నిలిచియున్నారు. ఎడమనుండి రెండవవారు అవ్వ. వెనుక సంవత్సరము వ్రాయలేదు. స్టూడియో వారి ముద్రలో 'మద్రాసు స్టేట్' అని యున్నది. రాష్ట్రమునకు తమిళనాడు అను పేరు 1969 జనవరిలో వచ్చినది గనుక ఇది 1968 లోపలిదని మేము ఘనముగా నిర్ణయించితిమి. "పాత ముద్ర పారవేయక తరువాత కూడా వాడి ఉండరా, అయ్యవారూ?" అని ఆమె మమ్ము సరిదిద్దినారు. చివరకు బడి విడుచు నాటి ఫోటో యగుటచే పరీక్ష సంవత్సరమును బట్టి 1968 అని తేలినది.

ఓణీ నైలానుది. బెంగుళూరులో కొన్నదట. ఆ రోజులలో నైలాను ఓణీ యనగా తోటి పిల్లలు తాకి చూచెడివారని చెప్పునప్పుడు ఆమె ముఖమున నవ్వు వచ్చినది. ఇంటిలో ఉతుకుటకు నీరు తక్కువ. నైలాను చెంబెడు నీటిలో తడిసి, కాఫీ త్రాగులోపల ఆరెడిది. రోజును నాలుగు మైళ్లు నడచి బడికి వచ్చు పిల్లకు అది సొగసే గాక సౌకర్యము. అటువంటి పిల్లను, ఆమె పుస్తకముల సంచితో, మడచి కట్టిన జడలతో మనుమరాలు వేసి చూపినచో అది అవ్వను ఎగతాళి చేయుట యగునా యని అడిగితిమి. ఆమె కొంతసేపు పలుకలేదు. తరువాత, "నా పేరు అడిగితే చెప్పాల. ఊరు పేరు కూడా చెప్పాల. ఉత్త ఇండియా పిల్ల అనకూడదు" అనినారు. ఆ షరతును ఉత్తరములో మేమే వ్రాసి పెట్టితిమి. కొంగును బిగించి నడుమున దోపి రెండు పిన్నులు పెట్టవలెననియు, కొవ్వొత్తి గుమ్మడికాయ లున్న గడపల యొద్ద మెట్లు ఎక్కరాదనియు దానితోబాటు చేర్చితిమి.

పార్సెలులో ఓణీ, ఫోటో నకలు, ఒక రిబ్బను చుట్ట పోయినవి. పుస్తకముల సంచి మాత్రము దొరకలేదు. దాని కొలతలను అవ్వ జ్ఞాపకమునుండి చెప్పగా మా పదవ తరగతి బాలిక యొకతె కాగితముమీద బొమ్మ గీచి ఇచ్చినది. అది ఎడమ భుజమునకు వ్రేలాడు ఒంటి పట్టీ సంచి. న్యూజెర్సీలో దానిని ఏ గుడ్డతో కుట్టించిరో తెలియుటకు ఫోను రావలసి యున్నది.